అత్తగారి ఊపిరి జాడీలు

ఛా గ్యూసిక్ ముక్కు కడుక్కుంటేనే ఆ ఇంట్లో తెల్లవారినట్టు. గోరువెచ్చని నీళ్ళలో చిటికెడు ఉప్పు కలిపి, ముక్కు చెంబుతో ఒక రంధ్రంలో పోస్తే రెండో రంధ్రంలోంచి ధారగా వచ్చేది. ఆ చప్పుడుకి పక్కింటి కుక్క లేచి ఒళ్ళు విరుచుకునేది. తర్వాత అతను ఫోనులో ఆ పూట గాలిలో పుప్పొడి ఎంతుందో చూసుకుని, కిటికీ తియ్యాలా వద్దా అని పెళ్ళాన్ని అడిగేవాడు. పెళ్ళాం మిహ్యాంగ్ అప్పటికే తడిగుడ్డతో గచ్చు తుడిచేసి, దుప్పట్లు వేడినీళ్ళలో పడేసి, బస్సు తాళాలు పట్టుకుని గుమ్మంలో ఉండేది. మా దీవి చుట్టూ తిరిగే బస్సు ఆవిడే నడుపుతుంది.

"తియ్యకు. దేవదారు పూసింది. గోధుమరంగు మందు పీల్చావా?"

"ఇప్పుడు బానే ఉంది కదా మిహ్యాంగ్."

"బావున్నప్పుడే పీల్చమన్నాడయ్యా డాక్టరు. బాగా లేనప్పుడు పీల్చేది నీలంది. ఎన్నిసార్లు చెప్పాలి?"

గ్యూసిక్‌కి మందులు రెండు. గోధుమరంగు ఇన్‌హేలరు రోజూ పొద్దునా సాయంత్రం, ఆయాసం ఉన్నా లేకపోయినా పీల్చాలి. నీలంరంగుది ప్రాణం మీదికొచ్చినప్పుడు. అతనిది మనందరి బుద్ధే. వాన లేనప్పుడు గొడుగెందుకు మోస్తాం? గోధుమరంగుది వారానికోసారి గుర్తొచ్చేది, నీలంది మాత్రం తెగ ఖర్చయ్యేది. అదీ అయిపోతే అత్తగారి జాడీలు ఉండనే ఉన్నాయి.

అసలతను ఇక్కడికొచ్చిందే ఊపిరి కోసం. పుట్టింది సముద్రానికి అవతల, దేజన్ నగరంలో. చిన్నప్పట్నుంచీ ఉబ్బసం. గుండెలమీద చెవి పెడితే పిల్లికూతలు వినపడేవి. సముద్రపు గాలి మంచిదని అక్కడి డాక్టరొకాయన చెబితే పెట్టె సర్దుకుని మా జేజు దీవికి ఓడెక్కాడు. ఆ డాక్టరు మా దీవి ఎప్పుడూ చూసినట్టు లేదు. ఇక్కడ ప్రతి కమలాతోట చుట్టూ గాలికి అడ్డంగా దేవదారు చెట్లుంటాయి. అవి పూస్తే బట్టలారేసుకున్న తాడు కూడా పచ్చబడుతుంది. కమలా ఆకుల కింద ఎర్రనల్లి, గోడలకి బూజు, గాలిలో గుర్రాల వెంట్రుకలు. పెనం మీంచి పొయ్యిలోకి దూకడమంటే ఇదే. వెనక్కి వెళ్ళిపోదామని టికెట్టు కొనుక్కోడానికి రేవుకి బస్సెక్కాడు. ఆ బస్సు మిహ్యాంగ్ నడుపుతోంది. అతను తుమ్మిన తుమ్ముకి ఆవిడ బస్సాపేసి, టైరు పేలిందేమోనని దిగి చూసింది. పరిచయం అలా మొదలైంది. మళ్ళీ ఓడెక్కలేదు.

కమలాతోటలో అడుగుపెట్టలేని ఆ మనిషి, ఇంట్లో తలుపులేసుక్కూచుని కమలాపళ్ళ పెట్టెలమీద బొమ్మలు గీసి బతుకుతున్నాడు. అదీ అత్తగారింట్లో. మూడు కుంచాల ముడి బార్లీ ఉన్న మగాడెవడూ అత్తింట కాపురం చెయ్యడని మా సామెత. గ్యూసిక్‌కి బార్లీ ఉందో లేదో గానీ ఊపిరి మాత్రం లేదు.

అత్తగారు బూ ఉల్‌సున్ దగ్గర అది దండిగా ఉండేది. మా సోమక్ ఊళ్ళో ఆడవాళ్ళు సముద్రంలో మునిగి శంఖాలూ గుల్లలూ కోసుకొస్తారు. వీపున గాలి సీసా కట్టుకోరు, ఉన్న ఊపిరి బిగబట్టి దిగడమే. పైకొచ్చినప్పుడు బిగబట్టిందంతా ఒక్కసారి వదిలితే ఈలలా వినిపిస్తుంది. ఎవరి ఈల వాళ్ళది. ఒడ్డున కూచుని కళ్ళు మూసుకున్నా ఎవరు తేలారో చెప్పొచ్చు. లోతుకి దిగేవాళ్ళది పై జట్టు, కొంచెం ఇవతల నడిమి జట్టు, నడుంలోతులో తడుముకునే ముసలివాళ్ళదీ కొత్తవాళ్ళదీ కింది జట్టు. ఉల్‌సున్ పెళ్ళికాకముందు నుంచీ పై జట్టే. డెబ్బై దాటినా పై జట్టే. సముద్రంలో ఎంత నోరు మూసుకునేదో ఒడ్డున అంత తెరిచేది.

ఆ ఇంటి పెరట్లో అరుగుమీద జాడీలుండేవి. సోయా ముద్ద జాడీలు, ఉప్పుచేప జాడీలు, వాటి వెనక నీడపట్టున ఊపిరి జాడీలు. వయసులో ఉండగా ఊపిరి మిగిలిన రోజున జాడీలో ఊది, నూనెకాగితం కప్పి, పురికొసతో కట్టి, మూతమీద రాయి పెట్టేవాళ్ళు. ఎండ తగలకపోతే ఏళ్ళతరబడి చెడదు. అయితే ఒకే కుండలో అన్నం తినేవాళ్ళకే పనికొస్తుంది. పొరుగువాళ్ళు పీలిస్తే వట్టి గాలి. ఇంకోటేమిటంటే, అరువు ఊపిరి ఒంట్లో ఉన్నంతసేపూ ఇచ్చినవాళ్ళ నోరూ స్వభావమూ కూడా ఉంటాయి. మా ఇళ్ళల్లో పిల్లలకి జలుబు చేసి ఊపిరాడకపోతే అమ్మమ్మ జాడీ తెరిచేవాళ్ళు. కాసేపు ఆ పిల్లలు మోకాళ్ళు నొప్పులని మూలిగి ఆ తర్వాత ఆడుకోడానికి పోయేవాళ్ళు.

పెళ్ళైన కొత్తలోనే గ్యూసిక్ ఆ జాడీ రుచి చూశాడు. మా దీవిలో మెమిల్ అనే నల్లగింజ పండుతుంది. పిండితో అట్లు పోస్తారు, పొట్టుతో దిండ్లు కుడతారు. అల్లుడికి మెమిల్ పొట్టు దిండు కుట్టివ్వడం అత్తగారి ముచ్చట. గ్యూసిక్ ముందే చెప్పుకున్నాడు, "అత్తయ్యా, నాకు మెమిల్ పడదండీ, ప్రాణం మీదికొస్తుందండీ" అని. ఉల్‌సున్ సరేనంది. ఆరోజు నుంచీ ఆ ఇంట్లో మెమిల్ అట్టు పొయ్యలేదు. మెమిల్ దిండు మాత్రం కుట్టింది.

తెల్లారేసరికి అల్లుడి కళ్ళు బూరెల్లా ఉబ్బాయి. పెదవులు నీలంగా తిరిగాయి. గుండెల్లో పిల్లి కాదు, పిల్లులన్నీ కలిసి కూస్తున్నాయి. మిహ్యాంగ్ దిండు చింపి చూసి తల్లిమీద విరుచుకుపడింది.

"చెప్పాడు కదమ్మా మెమిల్ పడదని!"

"తినకూడదన్నాడు. తినమన్నానా? తల పెట్టుకోమన్నాను!"

అంటూనే ఉల్‌సున్ పెరట్లోకి పరిగెత్తి ఒక జాడీ తెచ్చి, కొస తెంపి, అతని ముక్కు దగ్గర పెట్టింది. ఈ పై ఊరివాడికి మన ఊపిరి పడుతుందో లేదోనని ఆవిడ అతని మొహం మీదికి వంగి చూసింది. గ్యూసిక్ లోపలికి లాగాడు. పట్టింది. రంగొచ్చింది. లేచి కూచుని, పెళ్ళాన్ని ఎగాదిగా చూసి, అచ్చం అత్తగారి గొంతుతో అందుకున్నాడు.

"ఏమే, బస్సు టైమైతే ఇంకా ఇక్కడే ఏడుస్తున్నావా? ఆ మొగుడికి ఏవన్నా కాచిపోశావా? సన్నగా చీపురుపుల్లలా ఉన్నాడు, గాలొస్తే ఎగిరిపోతాడు. నాకు తెచ్చిపెట్టావే అల్లుణ్ణి!"

ఉల్‌సున్ నోరు తెరుచుకుని వింది. తను ఇంత పెడసరంగా మాట్లాడుతుందని ఆవిడకి అప్పటిదాకా తెలీదు. అయినా ఆవేళ ఊరంతా తిరిగి చెప్పుకుంది, "మా ఊపిరి మా ఛా అల్లుడికి పట్టింది" అని. కుండ ఒక్కటేనని తేలిందిగా మరి.

అప్పట్నుంచి గ్యూసిక్‌కి ధీమా వచ్చింది. అదే అతని కొంప ముంచింది. ఆయాసం వస్తే జాడీ, పుప్పొడి కాలానికో జాడీ, బూజు కాలానికో జాడీ. దినదినగండం నూరేళ్ళాయుష్షు అన్నట్టు నడుస్తోంది. కమలాపళ్ళ కంపెనీవాళ్ళు బొమ్మ బాగాలేదని ఫోన్ చేసినప్పుడు అతనిలో అత్తగారి ఊపిరుంటే ఇక వాళ్ళ పని అయిందే. "కమలాపండు గుండ్రంగా కాక నీ బుర్రలా ఉంటుందా?" అని అరిచి పెట్టేసేవాడు. మళ్ళీ సాయంత్రం తన ఊపిరి తనకొచ్చాక క్షమాపణ చెప్పుకుంటూ కూచునేవాడు. వాళ్ళు కూడా మా దీవివాళ్ళే కాబట్టి, "జాడీ ఊపిరా? సరే సరే" అనేవాళ్ళు.

ఇంతలో ఉల్‌సున్‌కి వయసొచ్చింది. ముందుగా కనిపెట్టింది యాంగ్ గుమ్‌నాన్. ఆవిడ ఉల్‌సున్‌తో చిన్నప్పట్నుంచీ మునుగుతోంది, చిన్నప్పట్నుంచీ పోట్లాడుతోంది.

ఒడ్డున నెగడు దగ్గర తడిబట్టలు ఆరబెట్టుకుంటూ ఒకరోజు అంది, "ఉల్‌సునా, నీ ఈల పొట్టిదైపోయిందే. కింది జట్టులోకి వెళ్ళిపో. నడుంలోతులో హాయిగా నాచు కోసుకుందువుగాని."

"నా ఈల సంగతి నీకెందుకే? ముందు నీ పళ్ళూడిపోకుండా చూసుకో."

మర్నాటి నుంచీ ఉల్‌సున్ సముద్రానికి పోయేముందు పెరట్లోకి వెళ్ళి ఒక జాడీ తన ముక్కు దగ్గరే పెట్టుకోవడం మొదలెట్టింది. ఎన్నడో వయసులో ఉన్నప్పుడు దాచుకున్న ఊపిరి. దానితో ఈల నిడుపుగానే వచ్చేది. కానీ ఆ ఊపిరి ఉన్నంతసేపూ మాటలు ఆ వయసువే. ఎప్పుడో ఆపేసిన పడవ టైముకి వస్తుందా అని అడిగేది. స్కూలుకి పోయిన మిహ్యాంగ్ ఇంకా ఇంటికి రాలేదని కంగారు పడేది. నెగడు దగ్గరి ఆడవాళ్ళు ఒకరి మొహాలొకరు చూసుకునేవాళ్ళు.

ఇంకేముంది, ఒక్క అరుగుమీది జాడీలకి ఇద్దరు పోటీ. అల్లుడు ఆయాసానికి తెరుస్తాడు, అత్త పంతానికి తెరుస్తుంది. కొత్తవి నింపుదామంటే ఇద్దరికీ ఊపిరి మిగలదు. ఉల్‌సున్ గట్టిగా ఊదినా జాడీ మూతకి చెమ్మ కూడా పట్టేది కాదు. మిహ్యాంగ్ ఇద్దర్నీ కూచోబెట్టి కడిగేసింది.

"అమ్మా, నువ్వు కింది జట్టులోకి పో. ఏవయ్యా, నువ్వు రోజూ మందు పీల్చు. ఇద్దరూ ఉన్న ఊపిరితో బతకడం నేర్చుకోండి. ఆ జాడీలు అయిపోయిన్నాడు ఏం చేస్తారు?"

"అదుగో, ఆఖర్న అదొకటుందిగా," అన్నాడు గ్యూసిక్ నోరు జారి.

మిహ్యాంగ్ మోచేత్తో అతన్ని పొడిచింది. అరుగు చివర, గోడవారన ఒక చిన్న జాడీ ఉంది. అది మావగారు కాంగ్ తేబోంగ్‌ది. గ్యూసిక్ ఆయన్ని చూడలేదు. మునగడం చేతకాని మనిషి, మాటలు అంతకన్నా చేతకాని మనిషి. పెళ్ళాం సముద్రంలోకి పోతే, పసిపిల్లగా ఉన్న మిహ్యాంగ్‌ని ఒళ్ళో పెట్టుకుని ఒడ్డున నల్లరాతిమీద కూచునేవాడు. ఉల్‌సున్ మునగ్గానే తనూ ఊపిరి బిగబట్టేవాడు. ఆవిడ ఈల వినపడ్డాక వదిలేవాడు. "తేబోంగ్ ఒడ్డునే మునుగుతాడు" అని ఊరంతా నవ్వేది. పోయేముందు ఏడాది, ఒక గాలివాన రోజున ఉల్‌సున్ చాలాసేపటికి గానీ తేలలేదు. ఆ రాత్రి ఆయన ఇంటికొచ్చి ఈ జాడీలో ఊది, మూతపెట్టి, ఏమీ చెప్పకుండా పడుకున్నాడు.

ఉల్‌సున్ ఆ జాడీ తెరవలేదు. "నేను పోయేటప్పుడు దాన్ని నా ముక్కు దగ్గర పెట్టండి. ఆయన ఊపిరితో పోతాను" అని ఊళ్ళో ఆడవాళ్ళందరి దగ్గరా మాట తీసుకుంది. అందుకే గ్యూసిక్ తల వంచుకుని, "తప్పైపోయింది అత్తయ్యా" అన్నాడు. వెంటనే గోధుమరంగు మందు కూడా పీల్చాడు. దాన్ని రెండ్రోజులు గుర్తుంచుకున్నాడు కూడా.

దేవదారు విరగబూసిన రోజుల్లో తేబోంగ్ తద్దినం వచ్చింది. కొడుకుల్లేరు కాబట్టి మొక్కాల్సింది అల్లుడే. ఉల్‌సున్ మెమిల్ అట్లు పెట్టాలంది, లోపల ముల్లంగి కూరిపెట్టి చుట్టినవి. ఆయనకి ప్రాణం.

"వద్దమ్మా, వద్దే వద్దు," అంది మిహ్యాంగ్.

"ఏడాదికోసారి వస్తాడు. వచ్చినాయన నోరు కట్టెయ్యమంటావా?"

చివరికి రాజీ కుదిరింది. అట్లు గుమ్‌నాన్ ఇంట్లో పొయ్యాలి, మూతపెట్టి తేవాలి, విస్తరికి ఆ చివర పెట్టాలి, గ్యూసిక్ ఈ చివర మొక్కాలి. ఆరోజు పొద్దున్న ఉల్‌సున్ పెద్దరాయి దగ్గరికి పోయి తద్దినానికి మంచి గుల్ల తెస్తానని, తన జాడీల్లో మిగిలిన ఆఖరిదాన్ని తెరిచేసింది. గుల్ల దొరకలేదు. రాతిసందులో అరచేయంత గుల్లొకటి ఉంది, అందలేదు. ఇంకొక్క మునక వేస్తే చిక్కేదేనని ఇల్లంతా వినపడేలా గొణిగింది. రేపు మళ్ళీ పోతానంది.

పొద్దువాలేసరికి చుట్టాలూ జట్టువాళ్ళూ గది నిండా చేరారు. పుప్పొడి రాకుండా మిహ్యాంగ్ తలుపులన్నీ బిగించింది. లోపల అగరొత్తులు వెలిగించారు. తలుపు తీస్తే పుప్పొడి, మూస్తే పొగ. ముందు నుయ్యి వెనక గొయ్యి అన్నట్టు మధ్యలో గ్యూసిక్, కొత్త చొక్కాలో. వెనకనుంచి గుమ్‌నాన్ మూతపెట్టిన పళ్ళెం జాగ్రత్తగా తెచ్చింది. పాపం ఎంత జాగ్రత్తంటే, పళ్ళేన్ని ఆ చివర పెట్టేసి, పోయినవాడి ముందు పిండి బట్టలతో నిలబడకూడదని, గ్యూసిక్ వీపు వెనకే నిలబడి నడుం గుడ్డ దబదబా దులిపింది.

గ్యూసిక్ మొదటి మొక్కు మొక్కి లేచాడు. రెండో మొక్కుకి నుదురు చాపకి ఆనించి అలాగే ఉండిపోయాడు.

"ఎంత భక్తో చూడవే," అంది ఒకావిడ పక్కావిడతో. "కన్నకొడుకులు కూడా ఇంతసేపు వంగరు."

"తేబోంగ్ పెట్టిపుట్టాడు. చూడు, వెక్కి వెక్కి ఏడుస్తున్నాడు."

"ఏడుపు కాదు పిన్నీ, ఊపిరాడ్డంలేదు!" అని అరిచి మిహ్యాంగ్ మొగుణ్ణి లేవదీసి కూచోబెట్టింది.

పెదవులు నీలం. భుజాలు ఎగిసిపడుతున్నాయి. ఉబ్బసమంటే ఊపిరి అందకపోవడం అనుకుంటారు గానీ, లోపలికి పోయింది బయటికి రాకపోవడమే అసలు నరకం. మిహ్యాంగ్ అతని జేబులోంచి నీలం మందు తీసి నోట్లో నొక్కింది. అది వట్టి బుస్సుమంది. ఎప్పుడయిపోయిందో అతనికే తెలీదు. జాడీలున్నాయన్న ధీమాతో కొత్తది తెచ్చుకోలేదు. గుమ్‌నాన్ అంబులెన్సుకి ఫోన్ చేస్తే, ఇప్పుడే బయల్దేరాం, కొండ చుట్టి రావాలి అన్నారు. ఒకరు తలుపులు బార్లా తీశారు, ఒకరు అగరొత్తులు నీళ్ళలో ముంచారు. పుప్పొడి లోపలికొచ్చింది.

"అమ్మా, జాడీ తే!"

ఉల్‌సున్ కదల్లేదు. మొహం పాలిపోయింది. "లేదే. పొద్దున... ఆఖరిది నేనే..."

అరుగు చివర ఇంకో జాడీ ఉందని అందరికీ తెలుసు. అది అడిగే హక్కు తమకి లేదనీ తెలుసు. గ్యూసిక్ ఆ స్థితిలో కూడా వద్దన్నట్టు చెయ్యి ఊపాడు.

ఉల్‌సున్ అతనికేసి చూసింది. విస్తరి అవతల ఫోటోలో మొగుడికేసి చూసింది. "ఏమయ్యా, నీ తద్దినం రోజున నా పిల్లని ముండమోయిస్తానా?" అని గట్టిగా అంటూ పెరట్లోకి పోయింది. ఇంతకాలం తుడుచుకుంటూ కాపాడుకున్న జాడీ తెచ్చింది. పురికొస ముడి విప్పడం కూడా చెయ్యలేదు, పళ్ళతో కొరికేసింది. అల్లుడి మెడ కింద చెయ్యేసి జాడీ ముక్కుకి ఆనించింది.

"పీల్చు. అంతా పీల్చు. మొహమాటపడకు."

గ్యూసిక్ పీల్చాడు. గుండెల్లో పిల్లికూతలు ఒక్కొక్కటే ఆగాయి. పెదవులకి రంగు తిరిగింది. లేచి బాసింపట్టు వేసుకుని కూచున్నాడు. కుడిచేత్తో మోకాలు రాసుకుంటూ, గోడకేసి చూస్తూ, ఏమీ మాట్లాడకుండా అలా కూచునే ఉన్నాడు. గదిలో అందరూ వంగి చూస్తున్నారు. అతను మోకాలు రాసుకోవడం తప్ప ఇంకేం చెయ్యలేదు.

"అచ్చం తేబోంగే," అంది గుమ్‌నాన్ మెల్లిగా. ఆ మనిషి ఊపిరిలో కూడా మాటలు తక్కువే.

మిహ్యాంగ్ కళ్ళు తుడుచుకుంది. ఆ మోకాలిమీద తల పెట్టుకుని నిద్రపోయిన రోజులు ఆవిడకి గుర్తున్నాయి. దూరంగా అంబులెన్సు కూత వినపడుతుంటే, గ్యూసిక్ తలతిప్పి ఉల్‌సున్‌కేసి చూశాడు. ఎవరూ పాతికేళ్ళుగా వినని గొంతు వచ్చింది.

"ఉల్‌సునా. ఎంతసేపని బిగబట్టను? ఇంక పైకి రా."

అంతే. తర్వాత దీర్ఘంగా ఊపిరి వదిలాడు, సన్నటి ఈల వేసినట్టు. మళ్ళీ కళ్ళార్పి చూసేసరికి అతను ఛా గ్యూసిక్కే. "అత్తయ్యా, ఏమన్నా తప్పుగా మాట్లాడానా అండీ?" అని అడిగాడు. ఊరందరి నోళ్ళూ మూయించగల మనిషి, ఖాళీ జాడీ ఒళ్ళో పెట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చింది.

ఆసుపత్రిలో అతనికి ముక్కుకి గొట్టం తగిలించి మందు పొగ పట్టారు. డాక్టరు మా దీవివాడే. "దారిలో ఏం వాడారు?" అని అడిగాడు.

"మా నాన్న ఊపిరి," అంది మిహ్యాంగ్.

"మంచిదే. మా నాయనమ్మదీ ఒకటుండేది. కానీ చూడండి, పోయినవాళ్ళ ఊపిరిమీద ఎన్నాళ్ళు కాపురం చేస్తారు? మీది మీరు చూసుకోరూ?" అని గ్యూసిక్ చేతిలో ఒక ఊదుడు గొట్టం పెట్టాడు. రోజూ ఊదితే ఊపిరి ఏపాటిగా ఉందో ముల్లు చెబుతుంది. కొత్త నీలం మందు జేబులో ఒకటి, బస్సులో ఒకటి ఉండాలన్నాడు. గుమ్‌నాన్‌ని కూడా పక్కకి పిలిచి మెమిల్ పిండి గాలిలో ఎగిరినా చాలని వివరించాడు. అప్పట్నుంచీ గుమ్‌నాన్ గ్యూసిక్ ఎదురైతే రోడ్డుకి అవతలివైపు నించి నడిచేది. పిండి ముట్టని రోజున కూడా.

మళ్ళీ పోటు కుదిరిన రోజున ఉల్‌సున్ తడి తొడుగు వేసుకుని ఒడ్డుకి వచ్చింది. పై జట్టు పడవెక్కుతోంది. పెద్దరాయి సందులో అరచేయంత గుల్ల ఇంకా అక్కడే ఉంది, ఆవిడకి తెలుసు. కాసేపు పడవకేసి చూసింది. తర్వాత నెగడు చుట్టూ తిరిగి, కింది జట్టు ముసలమ్మల పక్కకెళ్ళి నిలబడింది.

"జరగండే. చోటివ్వండి. ఆ నాచు అలాగా కొయ్యడం? మీకెవరు నేర్పారు?"

ముసలమ్మలకి ఆరోజు నుంచి ప్రశాంతత పోయింది. గుమ్‌నాన్ కూడా నెల తిరక్కుండానే పై జట్టు వదిలేసి ఇటొచ్చేసింది. పోట్లాడ్డానికి అక్కడ మనిషి లేదని చెప్పింది.

ఇక గ్యూసిక్. పొద్దున ముక్కు కడగడం, గోధుమరంగు మందు పీల్చడం, నోరు పుక్కిలించడం, గొట్టం ఊదడం. సాయంత్రం మళ్ళీ మందు. పుప్పొడి లేని రోజున మాస్కు పెట్టుకుని నల్లరాతిమీద కూచుని బొమ్మలు గీసుకునేవాడు. అత్తగారు మునగ్గానే అతని పెన్సిలు ఆగేది. నడుంలోతు నీళ్ళే అయినా ఊపిరి బిగబట్టేవాడు. పొట్టి ఈల వినపడ్డాక వదిలేవాడు. అలా బిగబట్టాలన్నా ముందు తనకంటూ ఊపిరి ఉండాలి కదా, అందుకే అతను గోధుమరంగు మందు ఒక్కపూట కూడా మానలేదు. ముల్లు నెమ్మదిగా పైకెక్కింది. ఎండాకాలం చివర, తేబోంగ్ జాడీ కడిగి ఆరబెట్టి, తన ఊపిరి కొంచెం కొంచెంగా అందులో నింపాడు. మా ఊరి ముడి అతనికి రాదు. బూటు లేసు కట్టినట్టు కుచ్చు ముడి వేసి, మూతమీద రాయి పెట్టాడు.

"అత్తయ్యా, ఆయాసమొచ్చినప్పుడు వాడుకోండి."

"నీ ఊపిరా? అది పీలిస్తే తుమ్ములొస్తాయేమో," అంది ఉల్‌సున్.

చలి మొదలైన రోజుల్లో ఒకనాటి మధ్యాహ్నం, కింది జట్టు నెగడు చుట్టూ చేరింది. గ్యూసిక్ వేడినీళ్ళ సీసా తెచ్చి అందరికీ పోస్తున్నాడు. ఉల్‌సున్ గిన్నె అందుకుని, రెండు చేతుల్తో పట్టుకుని, గొంతు సవరించుకుంది.

"ఛా అల్లుడుగారూ, మీరు రోజూ ఒడ్డున కూచుంటున్నారు కదండీ. నాకు నీళ్ళలో చాలా ధైర్యంగా ఉంటోందండీ. మీరు మా ఇంటికి రావడం మా అదృష్టమండీ."

నెగడు దగ్గర అందరూ గిన్నెలు దించి చూశారు. తర్వాత గుమ్‌నాన్ పొట్ట పట్టుకుని నవ్వింది. "అల్లుడి జాడీ తెరిచావా ఉల్‌సునా? అండీ అట అండీ! అచ్చం దేజన్ మర్యాద!" అందరూ నవ్వారు. గ్యూసిక్ చెవులు ఎర్రబడ్డాయి. ఉల్‌సున్ నిప్పులకేసి చూస్తూ నీళ్ళు తాగింది.

ఖాళీ అయిన జాడీ కడిగిపెడదామని గ్యూసిక్ ముందుగా ఇంటికొచ్చాడు. పెరట్లో అరుగు చివరికి వెళ్ళి వంగి చూశాడు. మూతమీద రాయి పెట్టినచోటే ఉంది. కుచ్చు ముడి అలాగే ఉంది. జాడీకీ గోడకీ మధ్య సాలెపురుగు తీరిగ్గా గూడల్లుకుంది.

అతను అక్కడే గొంతుక్కూచుండిపోయాడు. దుమ్ము ముక్కులోకి పోయి, కుక్క అదిరిపడేలా తుమ్మాడు. వీధిలోంచి అత్తగారి కేక వినపడింది.

"ఛా అల్లుడూ! ఆ దుమ్ములో ఏం పనిరా నీకు? ముక్కు కడుక్కో! సాయంత్రం మందు పీల్చావా లేదా?"

"పీలుస్తానండీ అత్తయ్యా," అంటూ లేచాడు గ్యూసిక్.